మొత్తం ఎరువే సార్

సున్నా వస్తె సంబురపడే మోఖా మాస్టర్ల కొలువుల ఒక్కటే ఉంటది. నాకది నౌకరి మొత్తంల ఒక్కసారే వచ్చింది. ఆ ఒక్కసారి కూడ మావోళ్లు నన్ను సుఖంగ సంబురపడనియ్యలే.

మీరు కొత్తగ కొలువుల చేరిన పిల్లలు గనుక మీకు చెప్తున్న. రేపో మాపో మీ ముందటికి ఎవరో ఒకరు వచ్చి, "ప్రాజెక్టు రఫ్ రాసుకొచ్చిన, జర చూడుండ్రి" అంటరు. జేబులకెళ్లి పెన్ను తీసే ముందర ఈ సంగతి యాదికి తెచ్చుకోండ్రి. యాదికి తెచ్చుకున్నంక కూడ పెన్ను తీస్తరని నాకు ఎరికే. మన జాతి అసొంటిది.

నేను తాండూర్ల ఒక డిగ్రీ కాలేజిల తెలుగు చెప్పేదాన్ని. కాలేజి పేరు అడగకుండ్రి. ఈ కథల ఉన్నోళ్లు అందరు ఇంక బతికే ఉన్నరు, కొందరు నాతోటి మాట్లాడుతున్నరు కూడ. పుట్టింది కొడంగల్ దిక్కు, ఉండేది వికారాబాద్‌ల. పొద్దుగాల రైలెక్కి తాండూర్‌కు పోవుడు, సాయంత్రం రైలుకు మర్లివచ్చుడు. బోగిల సగం మంది మాసొంటి అప్ అండ్ డౌన్ నౌకరిదార్లే. రైలు లేటయితె ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేసే పని కూడ లేకుండె, ఆయన కూడ అదే రైల్ల ఉంటుండె గనుక.

నాకు ఒక పేరుండె. పెండ్లి పత్రిక చేతికిచ్చినా తప్పులు దిద్ది మల్ల వాళ్ల చేతికే ఇస్తనని. అది అబద్ధం కాదు. ప్రిన్సిపాల్ బిడ్డ పెండ్లి పత్రికల ఒక వత్తు ఎగిరిపోయిందని ఎర్రసిరాతోటి సున్న చుట్టి ఇచ్చిన. పెండ్లికి రావద్దని ఆయన అనలే గని, బంతిల కూసున్నప్పుడు నా దిక్కు వచ్చి "ఇంక కొంచెం ఏస్కోండ్రి" అని మాత్రం అనలే.

అప్పట్ల ప్రాజెక్టులంటె ఎవ్వరికి ఫికర్ లేకుండె. ఆఖరి సెమిస్టర్ల ప్రతి ఒక్కరు ఒక పరిశోధన పత్రం రాయాలనేది రూలు. నెట్ సెంటర్‌కు పోతె ఏ సబ్జెక్టుదైనా స్పైరల్ బైండింగు చేసి మరీ ఇస్తరనేది రివాజు. ఒక పిలగాడు తెచ్చిన దాంట్ల కృతజ్ఞతల పేజీల ఎక్కడిదో సముద్రం ఒడ్డు కాలేజి ప్రిన్సిపాల్‌కు దండాలు పెట్టి ఉండె. మా ప్రిన్సిపాల్ దాని కింద కూడ సంతకం చేసిండు. "గౌరవం ఎవరికిస్తె ఏందమ్మా, ఇచ్చిండు గద" అన్నడు.

అసొంటి రోజులల్ల యూనివర్సిటోళ్లు కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ తెచ్చిండ్రు. మనం రాసింది దాంట్ల ఎక్కిస్తె, అది తనకు తెలిసిన రాతలన్నిటితోటి పోల్చి, దీంట్ల ఇంత శాతం వేరేకాడికెళ్లి ఎత్తుకొచ్చిందని చెప్తది. ఎత్తుకొచ్చిన వాక్యాలకు ఎర్రరంగు పూస్తది. శాతం ఒక హద్దు దాటితె ప్రాజెక్టు వాపస్. ఎర్రరంగు పూసుడు అప్పటిదాక మా కాలేజిల నా ఒక్కదాని పని. కొంచెం కుళ్లుకున్న మాట నిజం.

ఆ ఏడు నా కింద ప్రాజెక్టు చేసిన పిల్లలల్ల ఒకామె యాలాల్ మండలం కెళ్లి వచ్చేది. గొర్లుగాసేటోళ్ల ఇంటి పిల్ల. ఆ ఇంట్ల డిగ్రీ దాక వచ్చింది ఆమె ఒక్కతే. పాఠం చెప్తుంటె కండ్లార్పకుండ వినేది, గని తలకాయ ఊపకపోయేది. తలకాయ ఊపని పిల్లలంటె మాస్టర్లకు జర భయం.

"ఏం రాస్తవ్ బిడ్డా?" అని అడిగిన.

"మంద పెట్టుడు మీద రాస్త మేడం."

మీకు తెల్వకుంటె చెప్త. కంది కోసినంక చేను ఖాళీగ ఉంటది. ఆసామి గొర్లోళ్లను పిలుస్తడు. రాత్రిపూట మంద ఆ చేన్ల పండుకుంటది. పెంటతోటి, ఉచ్చతోటి నేలకు బలమొస్తది. దాన్నే మంద పెట్టుడు అంటరు. మా దిక్కు కందులు తినేటోళ్లు ఎక్కడెక్కడనో ఉన్నరు గని, ఆ కందులకు ముందు ఆ నేల మీద ఎవరు పండుకున్నరో వాళ్లకు తెల్వదు, మంచిదే.

"అది వ్యవసాయం గద బిడ్డా, తెలుగు సబ్జెక్టు ఎట్లయితది?"

"దాంట్ల మాటలు మస్తుగున్నయి మేడం. మా నాయిన మాట్లాడినయి. మన పుస్తకాలల్ల ఎక్కడ లేవు, నేను చూసిన."

లైబ్రరీల నేను కూడ చూసిన. లేవు. సరే కానియ్యి అన్న.

ఎండలు ముదరకముందే రఫ్ రాసుకొచ్చింది. కూసోని చదువుడు మొదలువెట్టిన. ఒకచోట ఇట్ల ఉండె: "మంద చేన్లకు వచ్చినంక ముసలి గొర్రె ముందుగాల పండుకుంటది. అది పండుకునేదాక తక్కినయి నిలవడి చూస్తయి. అది పండుకోకుంటె ఆ నేలల ఏదో ఉన్నట్టు, మా నాయిన మందను పక్క చేన్లకు తోల్తడు." ఇంకోచోట: "ఎక్కువ రాత్రులు ఒక్క తావుల పండవెడితె నేలకు అజీర్తి అయితది. అప్పుడు కంది ఒళ్లు వెంచుతది గని కాయ కాయది. మా నాయిన అసొంటి చేనును అమీరోళ్ల పిలగాడు అంటడు." గొర్లను మలిపే మాటలు ఒక పేజీ నిండ ఉండె. వాటిల సగం కన్నడం.

"కన్నడం ఎందుకొచ్చింది?"

"మావి ఆ దిక్కుకెళ్లి కొన్న గొర్లు మేడం. తెలుగుల పిలిస్తె రావు."

చదువుకుంట నవ్విన, ఒకటి రెండు చోట్ల చదువుడు ఆపి కిటికిలకెళ్లి బయటికి చూసిన. అయినా చెయ్యి ఊకుంటదా. ఎర్రపెన్ను తీసిన. అంతల ప్రిన్సిపాల్ కబురు పంపిండు. ఈసారి యూనివర్సిటోళ్లు జిల్లాల ప్రాజెక్టులన్ని వికారాబాద్‌ల ఒక కాలేజిల జమ చేపిచ్చి, కమిటీ పెట్టి చూస్తరంట. గనుక రఫ్ మీదనే ఒకసారి మన దగ్గర శాతం చూసుకోవాలె, తర్వాత పరేషాన్ కావద్దు అన్నడు.

ఆ పని మా కంప్యూటర్ సారు చేసిండు. కాంట్రాక్టు మీద పని చేసేటోడు, ఒక్క చేత్తోటి పది పనులు చేస్తుండె, పది పనులల్ల తొమ్మిది ప్రిన్సిపాల్‌వి. పిల్లలందరివి ఎక్కిచ్చిండు. ఎక్కిచ్చేటప్పుడు ఆ మిషిని ఒక ప్రశ్న అడుగుతదంట, ఈ రాతను నా దగ్గర దాచిపెట్టుకోవాల్నా వద్దా అని. ఈయన పోయి ప్రిన్సిపాల్‌ను అడిగిండు.

"దేనికైనా రికార్డు ఉండాలె" అన్నడు ప్రిన్సిపాల్. ఆయనకు చాయ్ తాగినా రికార్డు ఉండాలె. ఈయన దాచుకో అని నొక్కిండు.

అందరి శాతాలు వచ్చినయి. కొందరివి చూస్తె సిగ్గయితది. మా పిల్లది సున్నా వచ్చింది. నేను ఛాతీ ఎగరేసుకోని ప్రిన్సిపాల్ రూముల కూసున్న. ఆయన కాయిదాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు.

"సున్నా ఎట్లొస్తదమ్మా?"

"కాపీ కొట్టలే గనుకొచ్చింది సార్."

కంప్యూటర్ సారు తలుపు దగ్గర నిలవడి ఉండె. "దీని మీద ఇప్పటిదాక ఎవ్వరు రాయలే సార్. పోల్చనీకి దానికి ఏం దొరకలే" అన్నడు.

"ఎవ్వరు రాయని దాన్ని ఈ పిల్ల ఎందుకు రాసింది?" అన్నడు ప్రిన్సిపాల్.

నిజంగనే అన్నడు. నేను కల్పిచ్చి చెప్తలేను. "సున్నా చూస్తె కమిటోళ్లకు అనుమానమొస్తది. మనం మిషిన్ల ఏదో చేసినమనుకుంటరు. పది పన్నెండు ఉంటె అందంగుంటది. మంచి భాషల ఫెయిర్ రాపియ్యుండ్రి, నాలుగు పుస్తకాల మాటలు కూడ చేర్చుండ్రి."

బయటికొచ్చినంక కంప్యూటర్ సారు మెల్లగ అన్నడు, "జర కాపీ కొట్టిపియ్యుండ్రి మేడం. అందరికి మంచిగ నిద్రవడ్తది."

నౌకరిల చేరినకాన్నుంచి కాపీ పట్టుడే గని కొట్టిచ్చుడు తెల్వదు నాకు. గని ప్రిన్సిపాల్ చెప్పిండు, కంప్యూటర్ సారు చెప్పిండు, అన్నిటికంటె ముందుగాల నా ఎర్రపెన్ను చెప్పింది. ఉపోద్ఘాతంల పెట్టనీకి ఒక పాత విజ్ఞాన గ్రంథంల కెళ్లి రెండు పేరాలు చూపిచ్చి, రాస్కో అన్న. "గొర్రె ఒక సాధుజంతువు. ఇది మానవునికి బహువిధముల ఉపయోగకరము" అని మొదలయితది. ఆ పిల్ల నా దిక్కు చూసింది.

"గొర్రె అంటె ఏందో నాకు తెల్వదనుకుంటరేమో మేడం."

"రాయి బిడ్డా. చదివేటోళ్లకు తెల్వకపోవచ్చు."

తక్కినదాన్ని నేను దిద్దిన. అన్ని వాక్యాలు దిద్దలే, అంత వ్యవధి లేకుండె. నాకు కండ్లవడ్డ చోట దిద్దిన. ముసలి గొర్రె ముందుగాల పండుకుంటదనే కాడ "మందలోని వయోవృద్ధ మేషము నాయకత్వ లక్షణములను ప్రదర్శించును" అని రాసిన. నేలకు అజీర్తి అయితదనే కాడ "భూసారమునందు అసమతుల్యత ఏర్పడు అవకాశము కలదు" అని రాసిన. అమీరోళ్ల పిలగాన్ని కొట్టేసిన. పైసలున్నోళ్లకు ఎవరికన్న కోపమొస్తదేమోనని. ఆ పిల్ల ఫెయిర్ రాసి, టైపు చేపిచ్చి, బైండింగు చేపిచ్చి ఇచ్చింది. తలకాయ అప్పుడు కూడ ఊపలే.

నెల తిరగకముందే వికారాబాద్ కెళ్లి తాకీదు వచ్చింది. ఫలానా విద్యార్థిని ప్రాజెక్టుల ముప్పాతిక భాగం దొంగరాత అని తేలింది, విచారణకు రావాలె, గైడ్ కూడ రావాలె. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "నేను ముందే చెప్పిన గద, సున్నా మంచిది కాదని" అన్నడు. సున్నాకు ముప్పాతికకు ఏం సంబంధమో నాకు ఆయన ఇప్పటిదాక చెప్పలే.

ఆ పిల్లను పిలిచి చెప్తె ముఖం తెల్లగయింది. "ఎవరిది చూసి రాసిననంట?"

"అది రాయలే బిడ్డా. వాపస్ చేస్తె మాత్రం డిగ్రీ ఈ ఏడు అయినట్టు కాదు. నీకు బీఎడ్ సీటు..."

"వచ్చింది మేడం. పాసైన మెమో చూపియ్యాలె."

"వచ్చే ఏడు మల్ల రాయొచ్చు" అని అననీకి నోరు తెరిచిన.

"వచ్చే ఏడు లేదు మేడం" అన్నది. "మా నాయిన వద్దనడు. ఆయనకు మోకాళ్లు పోయినయి. మంద ఎంబడి ఒక్కడే తిరుగుతుండు. ఈ ఒక్క ఏడు ఆగు నాయినా అని అడిగిన. ఇంకో ఏడు ఆగమని నేనే అడగలేను."

ఆ దినం రైల్ల కిటికి దగ్గర సీటు దొరికినా బయటికి చూడబుద్ధి కాలే. కోపం ఎవరి మీదనో తెల్వక టికెట్ కలెక్టర్ మీద తీసిన.

విచారణ దినం ఆ పిల్ల నాయినను ఎంబడి పెట్టుకోని వచ్చింది. తెల్ల అంగీ ఏసుకోని, చెప్పులు వరండా బయటనే ఇడిసి, గోడకు ఆనుకోని నిలవడ్డడు. నన్ను చూసి దండం పెట్టి, "మా బిడ్డ ఏమన్న తప్పు చేసిందా అమ్మా?" అని అడిగిండు. లేదు, చిన్న సంగతే అన్న. ఆయన నమ్మలే.

లోపల ఇద్దరు ఉండిరి. ఒకాయన చైర్మన్, పెద్దాయన, ఎప్పుడో రిటైరైన తెలుగు పండితుడు. నడుస్తె ధోతి కుచ్చిళ్లు కదలవు, మాట్లాడితె వాక్యం విరగదు. ఇంకొకాయన కామర్స్ లెక్చరర్, ముందట కంప్యూటర్ పెట్టుకోని చైర్మన్ చెప్పింది చెప్పినట్టు రాస్తుండు. నాకు మూలకు కుర్చీ ఏసిండ్రు. గైడ్ నోరు మెదపొద్దనేది రూలంట. నా తోటి నోరు మెదపొద్దని చెప్పినోళ్లల్ల మా అత్త తర్వాత వాళ్లే.

చైర్మన్ మిషిని రంగు పూసిన ప్రాజెక్టును బల్ల మీద తెరిచిండు. ఏ పేజీ తిప్పినా ఎరుపే. నడుమ నడుమ తెల్లగ చారలు.

"ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు పెద్దలు" అన్నడు ఆయన, చల్లగనే. "దాచకుండా చెప్పు తల్లీ. ఇందులో నీ సొంతమెంత, ఎరువెంత?"

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, "మొత్తం ఎరువే సార్" అన్నది.

"మొత్తమా?"

"ఔ సార్. మొదటి పేజీకెళ్లి ఆఖరిదాక."

కామర్స్ సారు టైపు కొడుతుండు. నేను కుర్చీల కదిలిన. చైర్మన్ వేలు చూపిచ్చిండు, కూసోమన్నట్టు.

"ఎవరి దగ్గర తెచ్చుకున్నావు?"

"మా గొర్ల దగ్గర్నే సార్."

టైపు ఆగిపోయింది. చైర్మన్ అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. "గొర్రెల దగ్గర" అన్నడు.

"ఔ సార్. బయటికెళ్లి తెచ్చుకునే అక్కర మాకేముంటది? మాకే మస్తుగుంటది. వేరేటోళ్లే వచ్చి మమ్ముల అడుగుతరు."

ఆ పిల్ల ముఖంల ఎక్కడ ఎగతాళి లేదు. పొద్దున్నుంచి భయపడుకుంట వచ్చింది, ఆఖరికి తనకు తెలిసిన ప్రశ్న అడిగిండ్రని కొంచెం ధైర్యం కూడ వచ్చినట్టుంది. చైర్మన్ మాత్రం కామర్స్ సారు దిక్కు తిరిగి, "వ్రాయండి. విద్యార్థిని అంగీకరించినది, పైగా అవిధేయత" అన్నడు.

ఇగ నేను లేచిన. రూలు కూడ నాతోటే లేచింది, గని నేను ముందుగాల లేచిన. "సార్, మీరడిగింది అడుక్కోని తెచ్చుకునే ఎరువు. ఆ పిల్ల చెప్పింది పొలానికేసే ఎరువు. ఆమె రాసిందే దాని మీద."

ఆయన నా దిక్కు చూసి, ఆ పిల్ల దిక్కు చూసిండు. పెదవుల మీద ఆ మాటను రెండుసార్లు తిప్పుకున్నడు. తర్వాత ముఖం వికసించింది. "నానార్థం" అన్నడు. "పాఠం చెప్పినన్నాళ్లూ ఉదాహరణ వెతుక్కున్నాను. ఇంత చక్కగా దొరకలేదు." అవిధేయతను కొట్టేయించిండు. నాకు పానం కుదుటపడ్డది. మల్ల ఆయనే, "నానార్థం సరే. ఈ ఎరుపు సంగతేమిటి?" అన్నడు.

"ఎర్రగున్నయన్ని నేను రాసినయే సార్" అన్నది ఆ పిల్ల.

"మరి తెల్లవి?"

ఆ పిల్ల నా దిక్కు చూసింది. చూసి, తల దించుకోని, "మేడంవి" అన్నది.

భూమి పగిలితె లోపలికి పోదామనిపిచ్చింది నాకు. చైర్మన్ ఒక తెల్ల చారను వేలు పెట్టి చదివిండు. "వయోవృద్ధ మేషము నాయకత్వ లక్షణములను... ఇది?"

"మేడందే సార్."

"అసమతుల్యత ఏర్పడు అవకాశము?"

"అది కూడ."

"గొర్రె ఒక సాధుజంతువు?"

"అది ఎవరిదో సార్. మేడం పుస్తకం తెరిచి రాసుకోమన్నది."

ఆ రెండు పేరాలు కూడ మల్లెపూవు లెక్క తెల్లగున్నయి. ఆ పాత పుస్తకాన్ని ఎవ్వరు నెట్ల పెట్టలే, మిషినికి దొరకలే. పిల్లలూ, ఒక్కసారి ఆలోచించుండ్రి. ఆ పిల్ల సొంతంగ రాసిందంత దొంగతనం. నేను రాసిందంత ఆ పిల్ల సొంతం. నిజంగ ఎత్తుకొచ్చింది శుద్ధమైన స్వతంత్ర రచన. ఇంత తెలివిగల మిషినిని కొననీకి ఎంత తిప్పలవడ్డరో పాపం.

"సార్, ఎక్కడికెళ్లి కాపీ అయిందో చూడుండ్రి" అన్న. "అది చెప్తది గద."

అప్పటిదాక ఎవ్వరు శాతం దాటి కిందికి చూడలే. కామర్స్ సారు చూసిండు. "తాండూర్ల ఒక కాలేజి కెళ్లి వచ్చిన ప్రాజెక్టు సార్. వీళ్ల కాలేజే."

"చూశారా" అన్నడు చైర్మన్. "పక్కవారి ఇంట్లో కూడా కాదు, సొంత ఇంట్లోనే. ఎవరిది?"

కామర్స్ సారు ఇంకొకసారి నొక్కిండు. నొక్కి, తెర మీదికి వంగిండు. "సార్, ఈ అమ్మాయిదే సార్."

"అంటే?"

"ఈ అమ్మాయి ఈ అమ్మాయిది కాపీ కొట్టింది సార్."

ఎవ్వరు నవ్వలే. ఇప్పుడు తలచుకుంటె నవ్వొస్తది గని అప్పుడు ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు నిండినయి. మా ప్రిన్సిపాల్ రికార్డు కోసం దాపిచ్చిన రఫ్ అది. ఫెయిర్‌ను ఎక్కియ్యంగనే, ఇది నా దగ్గర ముందే ఉన్నదని మిషిని కూతవెట్టింది. నేను దిద్దినకాడ మాత్రం దానికి పోలిక దొరకక ఇడిసిపెట్టింది. ఇదంత నేను చెప్తె చైర్మన్‌కు సమజైంది. ఆయన మంచోడే.

"అయితే తప్పు లేదన్నమాటే. ఆమోదించవచ్చు గదా" అన్నడు.

"కుదరదు సార్" అన్నడు కామర్స్ సారు. "ఇంత శాతం ఉంటె యూనివర్సిటి పోర్టల్ తీసుకోదు. మనం సంతకం పెట్టినా వాపస్ కొడ్తది. మల్ల కొత్తగ రాసి ఎక్కియ్యాలంటె వచ్చే బ్యాచ్‌ల." కొంచెం ఆగి, "ఒకటే దారి ఉంది. ఆ రఫ్‌ది సున్నా శాతం అని రికార్డుల ఉంది. దాన్నే అసలు ప్రాజెక్టు అని పంపితె తీసుకుంటది" అన్నడు.

చైర్మన్ రఫ్‌ను తెర మీద చదివిండు. చదువుకుంట పోతుంటె ఆయన కనుబొమ్మలు దగ్గరికొచ్చినయి. "పండుకుంటది. తోల్తడు. అజీర్తి అయితది. విశ్వవిద్యాలయానికి ఈ భాషలో పంపుతామా?" అన్నడు. తర్వాత ఆ పిల్లకు చెప్పిండు, చెప్పాల్సిన తీరుగనే చెప్పిండు. ఇది పంపితె పాసవుతావు, గని భాషకు మార్కులు నేను వెయ్యలేను. వచ్చే బ్యాచ్ దాక ఆగితె గైడ్ గారి భాషల మళ్లీ రాసి మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. నీ ఇష్టం.

"రఫే పంపుండ్రి సార్" అన్నది ఆ పిల్ల. ఆలోచించనే లేదు. తర్వాత నా దిక్కు తిరిగి, "మీరు రాసింది మంచిగున్నది మేడం. గని మా నాయినకు చదివి వినిపిస్తె, ఇది ఎవరి గొర్ల సంగతి బిడ్డా అని అడిగిండు" అన్నది.

కోపం రావాలె నాకు. రాలే. ముఖం తిప్పుకోని దగ్గు వచ్చినట్టు చేసిన.

"తండ్రిగారు వచ్చారా?" అన్నడు చైర్మన్. ఆయనకు ఆఖరి అనుమానం ఒకటి మిగిలింది. నియమం ప్రకారం, ఇది విద్యార్థిని స్వయంగ సేకరించిందేనని సమాచారం చెప్పిన మనిషితోటి ఒక మాట అనిపిచ్చి రాసుకోవాలె. అంతే, ఒక్క ఔనంటె చాలు. కామర్స్ సారు బయటికి పోయి పిలుచుకొచ్చిండు. ఆ పిల్ల నాయిన గడప దగ్గర్నే ఆగిండు. రమ్మంటె రెండడుగులు లోపలికి వచ్చిండు. కూసోమంటె కూసోలే.

"చదువు తల్లీ" అన్నడు చైర్మన్.

ఆ పిల్ల చదివింది. ముసలి గొర్రె, అజీర్తి, అమీరోళ్ల పిలగాడు. గొర్లను మలిపే మాటల కాడికి వచ్చేవరకు వాళ్ల నాయిన మెడ కొంచెం ముందుకు చాపిండు, ఒకచోట ఆమె పలికింది సరిగ లేదన్నట్టు నాలుక కదిలించిండు. చదువుడు అయిపోయింది.

"ఇవన్నీ మీ మాటలేనా?" అన్నడు చైర్మన్.

"కాదు సార్."

ఆ పిల్ల "నాయినా" అన్నది. కామర్స్ సారు చేతులు మీటల మీదనే ఉన్నయి.

"అబద్ధమెందుకు చెప్పాలె సార్, సదువుకున్నోళ్ల ముంగట" అన్నడు ఆయన. "గివన్ని మా నాయిన మాటలు. గాయినకు ఆయిన నాయిన చెప్పిండంట. గాయిన ఎవర్తాన నేర్సుకున్నడో నాకెర్కలే. గిందుల నా సొంతమన్నది ఒక్క ముక్క లేదు సార్."

చెప్పి, బరువు దించుకున్నట్టు నిలవడ్డడు. నిజం చెప్పినందుకు బిడ్డకు మేలు జరుగుతదని ఆయన నమ్మకం.

కామర్స్ సారు తెర మీదికెళ్లి తలెత్తిండు. "సార్, ఇది కూడ రాయాల్నా?"

చైర్మన్ అద్దాలు పెట్టుకున్నడు. ఆ మనిషి దిక్కు చాలాసేపు చూసిండు. ఆ చూపుల దయ లేదు, కోపం లేదు, తన పాఠాలన్ని తాను ఎవరి దగ్గర విన్నడో వెతుక్కుంటున్నట్టుండె.

"వద్దు" అన్నడు. "అది రాస్తే ఈ గదిలో ఎవ్వరమూ మిగలం."

అని, రఫ్‌కు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టి, ఆ పిల్ల కాయిదం ఆ పిల్ల చేతుల పెట్టిండు.